బొమ్మ ఎక్కడ ఆగింది?

రాత్రి దుకాణం కట్టేసి, అన్నం తిన్నాక ఒకసారి ఫోన్లో కెమెరాలు చూసుకోవడం ఆదోని, ఎమ్మిగనూరు వ్యాపారులకు గల్లాపెట్టె లెక్క చూసుకున్నంత మామూలైపోయింది. ఊరి బయట జిన్నింగు మిల్లులో పత్తి గుట్టలు, గోడౌన్లో వేరుశనగ బస్తాలు, బజారులో బంగారు కొట్టు, అన్నీ అరచేతిలోకి రావాలి. తండ్రి ఆదోనిలో, కొడుకు బెంగళూరులో, అల్లుడు అమెరికాలో ఉన్నా అందరూ ఒకే బొమ్మ చూడాలి. తీరా చూడాల్సిన రోజున తెర మీద బొమ్మ ఉండదు, ‘డివైస్ ఆఫ్‌లైన్’ అన్న రెండు ముక్కలు ఉంటాయి. వెంటనే నోటికొచ్చే మొదటి మాట ‘కెమెరాలు చెడిపోయాయి’. రెండోది ‘యాప్ పాడైంది’. ఆ తర్వాత టెక్నీషియన్‌కు ఫోను. మొదటి రెండు మాటలూ చాలాసార్లు తప్పు, మూడోదైన ఆ ఫోను చాలాసార్లు ఎత్తరు. దూరం నుంచి కెమెరా కనపడకపోవడానికి ఉన్న కారణాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే: యంత్రం చెడే సందర్భాలు తక్కువ. దుకాణానికీ ఫోనుకూ మధ్య ఉన్న దారి ఎవరి చేతిలో ఉందో యజమానికి తెలియకపోవడమే అసలు జబ్బు. కరెంటు ఒకరిది, లైను ఇంకొకరిది, రూటరు పాస్‌వర్డు కేబుల్ ఆపరేటరుది, యాప్ ఖాతా టెక్నీషియన్‌ది. యజమానిది బిల్లు కట్టడం ఒక్కటే.

ముందు బొమ్మ ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. దీనికి చదువు అక్కర్లేదు, మూడు ప్రశ్నలు చాలు. దుకాణంలో డీవీఆర్‌కు (కెమెరాల బొమ్మను రికార్డు చేసే డబ్బాకు) తగిలించిన టీవీలో బొమ్మ వస్తోందా? వస్తుంటే కెమెరాలూ, వాటి వైర్లూ, పన్నెండు వోల్టుల సప్లై డబ్బా అన్నీ బాగున్నట్టే. అదే దుకాణం వైఫైలో ఫోను పెట్టి చూస్తే వస్తోందా? వస్తే డీవీఆర్, ఫోను ఒకదాన్నొకటి గుర్తుపడుతున్నట్టు. వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూస్తే? ఇక్కడ ఆగిందంటే లోపం గుమ్మం దాటాక ఉంది. ఈ వరస పాటించకుండా నేరుగా డీవీఆర్‌ను రీసెట్ చేయించేవాళ్లే ఎక్కువ. అది తలనొప్పికి తల తీయించుకోవడం. రీసెట్ చేస్తే పాస్‌వర్డులు, రికార్డింగు ఏర్పాట్లు అన్నీ పోయి, ఒక పూటలో తీరాల్సిన పని వారానికి సాగుతుంది.

జిన్నింగు మిల్లు ఆఫీసు గదిలో డీవీఆర్ డబ్బా పెట్టే చోటు ఒకసారి చూడండి. లెక్కల బల్లకు పైన, చేతికి అందనంత ఎత్తులో చెక్క అర. అర మీద డీవీఆర్, దాని పక్క సందుల్లో తెల్లగా పేరుకున్న దూది నూగు. ఫ్యాను తిరుగుతోందో లేదో వినపడదు. వెనక నెట్టు కేబుల్ దూర్చిన చోట రెండు చిన్న లైట్లు ఉంటాయి, ఒకటి నిలకడగా వెలగాలి, ఇంకొకటి మిణుకుమిణుకుమనాలి. అవి ఆరిపోయి ఉంటే యాప్‌లో ఎన్ని మీటలు నొక్కినా ఉపయోగం లేదు. మిల్లు ఆవరణలో వందల అడుగులు లాగిన వైర్ల మీదుగా ఎండాకాలం చివరి ఉరుముల వానలకు పిడుగు తాకిడి లోపలికొచ్చి, కెమెరాలు బతికే ఉన్నా ఒక్క నెట్టు పోర్టును కాల్చేసి పోవచ్చు. అందుకే టీవీలో బొమ్మ ఉంటుంది, ఫోన్లో ఉండదు. ఇక అర కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు. డీవీఆర్ ప్లగ్గు ఇన్వర్టరు లైనులో, కేబుల్ ఆపరేటరు తర్వాతెప్పుడో వచ్చి తగిలించిన ఫైబర్ డబ్బా మామూలు కరెంటులో. కరెంటు పోగానే కెమెరాలు రికార్డు చేస్తూనే ఉంటాయి, బయటికి మాత్రం చెప్పలేవు. దొంగకు కావలసింది సరిగ్గా ఆ చీకటి. ఫైబర్ డబ్బాకు విడిగా ఒక చిన్న యూపీఎస్ పెడితే తీరే పని ఇది. ఊళ్లో ‘నెట్టు పోయింది’ అనుకునే రాత్రుల్లో ఎన్ని ఉత్త ప్లగ్గు తప్పులో లెక్కేస్తే నవ్వొస్తుంది.

కనెక్షన్ మార్చినప్పుడు వచ్చే చిక్కు ఇంకో రకం. డీవీఆర్ బిగించిన రోజు టెక్నీషియన్ దానికి 192.168.1.108 లాంటి లోపలి నంబరు ఒకటి చేత్తో రాసిపెడతాడు. అప్పటి రూటరు నంబరు 192.168.1.1 కాబట్టి ఇద్దరూ ఒకే వీధివాళ్లు. రెండేళ్ల తర్వాత యజమాని బీఎస్ఎన్ఎల్ నుంచో, 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నుంచో జియో ఫైబర్‌కు మారతాడు. కొత్త రూటరు 192.168.29.1 అని కూర్చుంటుంది. ఫోన్లు, లాప్‌టాప్‌లు తమంతట తాము కొత్త నంబరు తీసుకుంటాయి. డీవీఆర్ మాత్రం పాత వీధి చిరునామా పట్టుకుని కూర్చుంటుంది. వైఫై బ్రహ్మాండంగా ఉంటుంది, యూట్యూబ్ ఆడుతుంది, కెమెరా ఒక్కటే ఆఫ్‌లైన్. నెట్టువాడు ‘నా లైను బాగుంది’ అంటాడు, కెమెరావాడు ‘నా డబ్బా బాగుంది’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. డీవీఆర్ మౌసుతో మెనూలోకి వెళ్లి, నెట్‌వర్క్ అన్నచోట డీహెచ్‌సీపీ మీట వేసి, గేట్‌వే, డీఎన్ఎస్ గడులు నిండాయో లేదో చూస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అక్కడే పీ2పీ అనో క్లౌడ్ అనో ఉన్న గడి పక్కన ‘ఆన్‌లైన్’ అని కనపడితే లోపల పని ముగిసినట్టే.

బొమ్మ వస్తుంది గానీ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది, లేదా పగలు వచ్చి రాత్రి రాదు అన్నది లెక్కల వ్యవహారం. రెండు మెగాపిక్సెల్ కెమెరా పూర్తి నాణ్యతతో పంపితే సెకనుకు రెండు నుంచి నాలుగు మెగాబిట్లు లాగుతుంది. ఎనిమిది కెమెరాలు ఒకేసారి తెరిస్తే పదహారు నుంచి ముప్ఫై రెండు. ఊరి బయట గోడౌన్లో సిమ్ పెట్టిన రూటరుకు అంత అప్‌లోడు ఎక్కడిది? అందుకే దాదాపు ప్రతి డీవీఆర్‌లోనూ సబ్‌స్ట్రీమ్ అని ఒక పలచటి బొమ్మ ఉంటుంది, ఫోన్లో దాన్నే చూడాలి. అది కూడా నాలుగు కెమెరాలకు సెకనుకు రెండు మెగాబిట్లు అనుకుంటే గంటకు దాదాపు 900 ఎంబీ. రోజుకు రెండు జీబీ ప్యాకు వేసుకున్న సిమ్ రెండుంపావు గంటల్లో ఖాళీ. ఆ తర్వాత వేగం నత్తనడక. పగలంతా కొడుకు బెంగళూరు నుంచి తెరిచి పెట్టుకుంటే రాత్రి కాపలాకు డేటా మిగలదు. పత్తి సీజను అయిపోయి మిల్లు మూసిన నెలల్లో ఖర్చు కలిసొస్తుందని రీచార్జి మానేయడం ఇంకా వింత. మనుషులు లేని నెలల్లోనే కదా కెమెరా కావలసింది.

అసలు ముడి మాత్రం లైను చిరునామా దగ్గర ఉంది, కొంచెం నిదానించి చెప్పాలి. పది పన్నెండేళ్ల కిందట కెమెరాలు బిగించినవాళ్లు రూటరులో పోర్టు ఫార్వర్డింగు చేసేవాళ్లు. అంటే బయటి నుంచి ఫలానా తలుపు తడితే లోపల డీవీఆర్‌కు చేర్చమని రూటరుకు చెప్పిపెట్టడం. ఇప్పటికీ కొందరు అదే చేస్తారు, రాకపోతే తల గోక్కుంటారు. కారణం వాళ్ల చేతిలో లేదు. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షలు. వాటి చివరి కట్టలు ప్రపంచ స్థాయిలో 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. ఆ తర్వాత వచ్చిన కోట్ల కనెక్షన్లకు చాలవు కాబట్టి కంపెనీలు వందలమంది ఖాతాదారులను ఒకే చిరునామా వెనక పెడుతున్నాయి. మార్కెట్ యార్డునే తీసుకోండి. లోపల ఎన్నో మండీలు, బయటికి మాత్రం ఒకటే గేటు, ఒకటే చిరునామా. లోపలి హమాలీ బయటికెళ్లి టీ తెస్తే, ఎవరు పంపారో గేటులో రాసుకున్నారు గనక ఆ టీ సరైన మండీకే చేరుతుంది. కానీ బయటివాడెవరో వచ్చి ‘మా మండీకి దారి వదలండి’ అంటే ఏ మండీయో గేటు కాపరికి తెలియదు, పంపడు. ఈ ఏర్పాటుకే సీజీనాట్ అని పేరు. యార్డు లోపల మీ మండీ తలుపు ఎంత బార్లా తీసినా, గేటు మీది కాదు. మీ లైను ఇలాంటిదో కాదో తెలుసుకోవడం తేలిక: రూటరు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అన్నచోట ఉన్న అంకె 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ 10తో గానీ మొదలైతే గేటు వెనక ఉన్నట్టే. 2012లో ఆ 100 వరసను ఇందుకోసమే కేటాయించారు. యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసే పీ2పీ పద్ధతి ఈ ఇబ్బందిని తిరగేసి దాటుతుంది. డీవీఆర్ తానే ముందు బయటికెళ్లి కంపెనీ సర్వరు దగ్గర కూర్చుంటుంది, మీ ఫోను కూడా అక్కడికే వస్తుంది, అక్కడ ఇద్దరినీ కలుపుతారు. కొత్త తరం ఐపీవీ6 చిరునామాలు మన దేశంలో విరివిగా వచ్చినా, పాత డీవీఆర్లలో ఆ మీట ఆపేసి ఉంటుంది, రూటరు కాపలా ఎలాగూ బయటివాళ్లను ఆపుతుంది.

‘అయితే డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకుంటే సరి కదా’ అనేవాళ్లున్నారు. సొంత చిరునామా వస్తుంది, నిజమే. బొమ్మ కూడా వస్తుంది. కానీ మీకొక్కరికే కనిపించే తలుపు కాదది, ప్రపంచం మొత్తానికీ వీధిలో నిలబెట్టిన తలుపు. 2016లో మిరాయ్ అనే పురుగు ప్రోగ్రాము చేసింది పెద్ద తెలివైన పనేం కాదు. ఇంటర్నెట్ మీద కనిపించిన కెమెరాలు, డీవీఆర్లు, రూటర్ల తలుపులు తట్టి, ఫ్యాక్టరీలో పెట్టిన అరవైకి పైగా పాస్‌వర్డుల జంటలు వరసగా ప్రయత్నించింది. అలా పట్టిన డబ్బాల సైన్యంతో అదే ఏడు అక్టోబరు 21న అమెరికాలో ఒక డీఎన్ఎస్ సంస్థను ముంచితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. పాస్‌వర్డు మార్చుకున్నవాళ్లయినా నిశ్చింతగా ఉండలేదు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కంపెనీయే తన పరికరాల్లో అసలు పాస్‌వర్డుతో పనిలేకుండా బయటివాడు పెత్తనం తీసుకోగల లోపం ఉందని ప్రకటించి కొత్త సాఫ్ట్‌వేరు ఇచ్చింది. బిగించాక ఒక్కసారైనా ఆ సాఫ్ట్‌వేరు మార్చుకున్న డీవీఆర్లు మన బజారులో ఎన్నుంటాయో ఎవరికి వారే ప్రశ్నించుకోవాలి. స్టాటిక్ ఐపీ కావాలంటే తీసుకోండి, దానిమీద రూటరులో వీపీఎన్ పెట్టుకుని ఆ సొరంగంలోంచే డీవీఆర్ చేరండి. ఉత్త పోర్టులు తెరవడం మాత్రం ఏ లెక్కనా సమర్థించలేం.

ఇక్కడ ఎదురు ప్రశ్న ఒకటి బలంగానే ఉంది. పీ2పీ అంటే ఊరూపేరూ తెలియని సర్వరు మీదుగా మన దుకాణం బొమ్మ పోవడమే కదా, అది చైనాలో ఉందో ఎక్కడుందో ఎవరికెరుక? ఈ అనుమానాన్ని కొట్టిపారేయను. కేంద్ర ప్రభుత్వానికీ అదే అనుమానం వచ్చింది గనకే 2024 ఏప్రిల్‌లో నిబంధనలు మార్చి, 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. కొత్తగా కొనేవాళ్లు ఆ ధ్రువీకరణ ఉన్న సరుకే అడగాలి, పదిశాతం తక్కువకు వస్తోందని పాత స్టాకు తెచ్చుకోకూడదు. కానీ ఉన్న డబ్బాలతో ఉన్నచోట రెండు చెడుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, ఒక కంపెనీని నమ్మడం కంటే లోకంలో ప్రతివాణ్నీ నమ్మడం పెద్ద పొరపాటు. పీ2పీ వాడుతూ, పాస్‌వర్డు గట్టిగా పెట్టి, వీడియోకు ఎన్‌క్రిప్షన్ కోడు వేసుకుంటే చిన్న వ్యాపారికి అది చాలినంత కాపలా.

అంతకంటే దగ్గర్లోనే ఉన్న ముప్పును మాత్రం ఎవరూ తలచుకోరు. అది ఖాతా ఎవరిపేర ఉందన్నది. బిగించిన రోజు టెక్నీషియన్ తన ఫోన్లో తన ఖాతాకు డీవీఆర్‌ను కలుపుకుని, యజమానికి ‘షేర్’ చేసి వెళ్లిపోతాడు. అప్పటికి అందరూ సంతోషం. తర్వాత ఆయన నంబరు మారుతుంది, లేదా పని దొరికి బెంగళూరు పోతాడు. యజమాని కొత్త ఫోను కొని డబ్బా అడుగున ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ‘ఈ పరికరం ఇంకొక ఖాతాలో ఉంది’ అని వస్తుంది. లక్ష రూపాయలు పెట్టిన కెమెరాలకు తాను అతిథి అని యజమానికి అప్పుడు తెలుస్తుంది. ఆ మొదటి ఖాతాదారు ఇన్నాళ్లూ తన దుకాణం చూడగలిగే స్థితిలోనే ఉన్నాడన్న సంగతి ఇంకాస్త ఆలస్యంగా తెలుస్తుంది. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నేతకారుల సహకార సంఘం పెట్టినప్పటి నుంచీ నూలు ఎవరిది, మగ్గం ఎవరిది, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో అన్న ప్రశ్నలు తెలిసిన ఊళ్లివి. కెమెరా దగ్గరికొచ్చేసరికి అదే ఊరి వ్యాపారి పుస్తకం ఎవరి చేతిలో ఉందో అడగడు.

‘ఇవన్నీ మేం చూసుకుంటే ఇక టెక్నీషియన్ ఎందుకు? మాకు పత్తి తూకం తెలుసు గానీ ఈ గోల తెలియదు’ అనవచ్చు. పని తెలియనక్కర్లేదు, హక్కు తెలియాలి. కారు డ్రైవరు నడుపుతాడు, ఆర్సీ పుస్తకం మీ పేరనే ఉంటుంది. అలాగే మొదటి ఖాతా యజమాని ఫోను నంబరుతో తెరవాలి, టెక్నీషియన్‌కూ కొడుకుకూ దాన్నుంచి షేర్ చేయాలి, అవసరం తీరాక తీసేయాలి. డీవీఆర్ అడ్మిన్ పాస్‌వర్డు, రూటరు పాస్‌వర్డు, పరికరం సీరియల్ నంబరు, నెట్టు కనెక్షన్ ఖాతా నంబరు ఒక కాగితం మీద రాసి ఇనప్పెట్టెలో పెట్టుకోవాలి. పాస్‌వర్డులు కాగితం మీద రాయకూడదంటారు కదా అంటే, ఎక్కడో పరాయి దేశంలో కూర్చున్న దొంగ మీ ఇనప్పెట్టె చూడలేడు. రాసుకునే ధైర్యం లేక తేలిగ్గా గుర్తుండేది పెట్టుకుంటే ఏమవుతుందో రాజ్‌కోట్ చూపించింది. 2025 ఫిబ్రవరిలో అక్కడి ప్రసూతి ఆసుపత్రి ఒకదాంట్లో స్త్రీలను పరీక్షించే గది దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి బయటపడ్డాయి. అక్కడి పాస్‌వర్డు ఫ్యాక్టరీలో పెట్టిన ‘అడ్మిన్123’ అని పత్రికల్లో వచ్చింది. అలాంటి గదిలో కెమెరా ఉండటమే మొదటి నేరం అన్నది వేరే సంగతి. పనివాళ్లు బట్టలు మార్చుకునే చోట, విశ్రాంతి తీసుకునే చోట కెమెరా పెట్టి దూరం నుంచి చూడాలనుకునే యజమానికి బొమ్మ రాకపోవడమే మేలు.

ఫోన్లో కనపడటమే పరమార్థం అనుకోవడం ఇంకో భ్రమ. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ఒకేసారి వందమంది, లేదా రోజుకు ఐదువందల మంది వచ్చే సంస్థలకు కెమెరాలు తప్పనిసరి చేసి, ముప్ఫై రోజుల రికార్డు ఉంచమంది. లెక్క వేయండి. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజుకు 21 జీబీకి పైగా తింటుంది, ఎనిమిది కెమెరాలు 173 జీబీ. బజారులో మామూలుగా బిగించే ఒక టీబీ డిస్కు ఆరు రోజులు కూడా రాదు, నెలకు ఐదు టీబీలు దాటాలి. రోజూ ఫోన్లో బొమ్మ వస్తోందని సంతోషించే యజమాని, పదో రోజు తెలిసిన దొంగతనానికి వెనక్కి వెళ్తే ఖాళీ కనిపిస్తుంది. ఇక గడియారం. కొన్ని డబ్బాలు చైనా సమయంతోనే నడుస్తుంటాయి, అది మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి పదకొండుంపావుకు జరిగినది మరునాడు ఒకటీ ముప్పావుకు జరిగినట్టు నమోదవుతుంది, తేదీ కూడా మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఇలాంటి రికార్డుకు ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువతో సహా ధ్రువపత్రం జతచేయాలి. ఫోను తెర మీది బొమ్మను ఇంకో ఫోనుతో తీసి వాట్సాప్‌లో పెట్టిన వీడియో పోలీసులకు ఆచూకీ ఇస్తుందేమో గానీ, కోర్టులో అసలు డిస్కునో, ధ్రువపత్రం ఉన్న నకలునో అడుగుతారు. అందుకే సమయం ఇంటర్నెట్ నుంచి తీసుకునే ఎన్‌టీపీ మీట వేసి, జీఎంటీ ప్లస్ 5:30 అని ఉందో లేదో ఒకసారి చూడాలి.

వ్యాపార సంఘాలు తలుచుకుంటే ఇందులో సగం పని తేలికవుతుంది. పదిమంది మండీదారులు కలిసి ఒకే టెక్నీషియన్‌తో ఏడాది ఒప్పందం రాసుకుని, సీజను మొదలయ్యే అక్టోబరుకు ముందు అన్ని డబ్బాల నూగు దులిపించి, సాఫ్ట్‌వేరు మార్పించి, ఖాతాలు యజమానుల పేర్లకు మార్పించుకోవచ్చు. విడివిడిగా పిలిస్తే రాని మనిషి పదిమంది పిలిస్తే వస్తాడు. అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. చాలామంది దుకాణంలోనే కూర్చుని దుకాణం వైఫై మీద కెమెరా తెరిచి ‘వస్తోంది’ అనుకుంటారు. ఈ రాత్రి ఇంటికెళ్లాక మీ ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఒకసారి తెరవండి. వస్తే, ఆ యాప్‌లో ఖాతా ఏ నంబరు మీద ఉందో చూడండి. అది మీ నంబరు కాకపోతే రేపు పొద్దున దుకాణం తెరిచే ముందే టెక్నీషియన్‌ను పిలిపించండి.